కేసు త్వరగా పోవడం వేరు, శుభ్రంగా పోవడం వేరు

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఫైనలియర్. పోయిన ఏడాది కాలేజీ బయట జరిగిన గొడవలో మరో ముగ్గురితో పాటు వాడి మీదా కేసు పెట్టారు. ఛార్జిషీట్ వేశారు, వాయిదాలు నడుస్తున్నాయి. వాడు కానిస్టేబుల్, బ్యాంకు ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నాడు. లోక్ అదాలత్‌లో తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే ఒక్క రోజులో అయిపోతుందని తెలిసినవాళ్లు అంటున్నారు. అలా చేయొచ్చా? రికార్డు త్వరగా తీసేయించే మార్గం ఏమైనా ఉందా?

జవాబు: ముందు ఆ ఫైన్ ఆలోచన పక్కన పెట్టండి. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టడమంటే నేరం రుజువై శిక్ష పడినట్టే. కట్టేది వెయ్యి రూపాయలైనా సరే, రేపు దరఖాస్తులో ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా?’ అనే గడి ఎదురైతే మీవాడు ‘అవును’ అని రాయాలి. పెద్దవాళ్లకు పడిన శిక్షను కొన్నేళ్ల తర్వాత రికార్డులోంచి చెరిపేసే చట్టం మన దేశంలో లేదు. ఒక్క రోజులో వదిలించుకున్నామనుకున్నది సర్వీసంతా వెంట ఉంటుంది.

అదే లోక్ అదాలత్‌లో రాజీ పడితే కథ వేరు. చట్టప్రకారం రాజీ కుదిరితే నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు కూడా ఉండదు. ఒకే రోజు, ఒకే చోటు. కానీ ఒక కాగితం శిక్ష, ఇంకొకటి విడుదల. ‘అంతా ఒకటేలెండి, సంతకం పెట్టెయ్యండి’ అని ఎవరైనా తొందర పెడితే అక్కడే ఆగండి.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని ఛార్జిషీట్ కాపీ తీసుకుని సెక్షన్లు చూడడం. 2024 జులై 1 తర్వాతి గొడవైతే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్లే ఉంటాయి. చేయి చేసుకోవడం 115(2), అడ్డగించడం 126(2), బెదిరించడం 351(2). ఈ మూడే ఉంటే దెబ్బలు తిన్న మనిషి ఒప్పుకుంటే రాజీ చేసుకోవచ్చు. తర్వాత సాక్షుల జాబితాలో గాయపడినవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. చాలామంది ఫిర్యాదు ఇచ్చిన అబ్బాయి దగ్గరికే వెళ్లి వస్తారు. దెబ్బ తగిలిన రెండోవాడి సంతకం లేదని తీరా రాజీ రోజున తెలుస్తుంది, మళ్లీ వాయిదా. ఆ ఇళ్లకు మీరే వెళ్లండి. అబ్బాయిని వెంట తీసుకెళ్లండి, వాడి చేతే క్షమాపణ చెప్పించండి. మధ్యవర్తి డబ్బులతో ఈ పని అవదు.

జాతీయ లోక్ అదాలత్ సాధారణంగా మూడు నెలలకోసారి జరుగుతుంది. ఈలోపే కేసును అక్కడికి పంపమని మీ లాయరు చేత మెమో వేయించండి. లాయరు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితి లోపువాళ్లకు ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

రాజీకి వీల్లేని సెక్షన్ ఉన్నా, ఇరుపక్షాలూ ఒక మాట మీదికొస్తే కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయొచ్చు. పాత సీఆర్‌పీసీలోని 482 సెక్షనే ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 528. వ్యక్తిగత గొడవలను ఇలా కొట్టివేయవచ్చని సుప్రీంకోర్టు 2012లో జ్ఞాన్‌సింగ్ కేసులో చెప్పింది. హత్య, అత్యాచారం లాంటివాటికి అది వర్తించదు. అవతలివాళ్లు ససేమిరా అంటే కేసు నడపాల్సిందే. అప్పుడు మీ చేతిలో ఉన్న వేగం ఒకటే. మీవాడు ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టకూడదు. వారెంట్ వచ్చిందంటే చిన్న కేసు కాస్తా పెద్ద తలనొప్పి అవుతుంది.

మరొకటి. గొడవ జరిగిన రోజుకి వాడికి 18 నిండలేదా? అయితే వెంటనే లాయరుకు చెప్పండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ కింద ఆ కేసు వల్ల అనర్హత ఉండదు, ఘోర నేరాల్లో కొన్ని తప్ప మిగతావాటి రికార్డునూ నాశనం చేయాలి.

ఇక ఫారం సంగతి. ఒక అబ్బాయి నా దగ్గరికి ఉద్యోగానికి ముందు తన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారం తెచ్చాడు. ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా?’ అన్న చోట ‘లేదు’ అని నీలం ఇంకుతో రాసుకున్నాడు. ‘కొట్టేశారు కద సార్’ అన్నాడు. కొట్టేసినా నమోదైన మాట నిజమే కదా! కొత్త ఫారం తెప్పించి ‘అవును’ అని రాయించాను. కేసు కంటే దాచడమే ఎక్కువ కొంప ముంచుతుంది. 2016లో అవతార్‌సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చిన్న వయసులో చేసిన చిల్లర తప్పును దాచినా యాజమాన్యం క్షమించవచ్చంది. అలాగే నిజం చెప్పినా తీసుకోవాలా వద్దా అనేది వాళ్ల ఇష్టమేనంది. పోలీసు శాఖ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉంటుంది. రాజీతో విడుదలైనా పక్కన పెట్టొచ్చని 2013లో మరో తీర్పు ఉంది. అందుకని కానిస్టేబుల్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు, బ్యాంకు ప్రిపరేషన్ ఆపొద్దు.

కేసు ముగిసిన వారంలోనే తీర్పు సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీసుకోండి. ఒకటి స్టేషన్లో ఇచ్చి రసీదు అడగండి. కోర్టులో ముగిసిన కేసు స్టేషన్ కంప్యూటర్లో ‘పెండింగ్’ అనే ఉండిపోతే వెరిఫికేషన్ అక్కడే ఇరుక్కుంటుంది. మిగతావి ఇంట్లో భద్రంగా పెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి.