పార ముట్టుకోకు రా బుజ్జీ

చిరంజీవి బుజ్జికి, గుంటూరు నుంచి మీ మేనత్త ఆశీర్వదించి రాసేది.

విజయవాడ పటమటలో కింద వాటా తీసుకున్నావనీ, వెనకాల రెండు మంచాలు పట్టేంత మట్టినేల ఉందనీ, ఉగాదిలోపు అందులో తోటకూర, గోంగూర వేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నా మేనల్లుడు ల్యాప్‌టాప్ మూసి మట్టిలో చెయ్యి పెడుతున్నాడని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఫోన్ పెట్టేసే ముందు ఆవిడే, "ఆదివారం కూలీని పెట్టి పారతో మొత్తం తవ్విస్తాడట, మిగిలినదానికి గడ్డిమందు కొడతాడట" అంది. ఇక నాకు నిద్ర పడితే ఒట్టు.

ముందు ఆ మందు మాట. గడ్డిమందుగా అమ్మే గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ వాళ్ళు తప్ప ఇంకెవరూ కొట్టకూడదని 2022లో కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. పాకే పిల్లని ఇంట్లో పెట్టుకుని నీకీ ఆలోచన ఎలా వచ్చిందిరా?

కలుపుని నేల తడిపి పీకాలి, పూత రాకముందే పీకాలి. ఇవి నీకూ తెలుసు.

శివరాత్రి వెళ్ళి చలి తగ్గాక, నీళ్ళు పడ్డ చోటల్లా ఏదో ఒకటి లేస్తుంది. అన్నీ కలుపు కాదు. ఎర్రటి కాడ, మందపాటి చిన్న ఆకులతో నేలకి పరుచుకున్నది పావిలి కూర, పప్పులో వేసుకో. దాని పక్కనే అలాగే నేలకి అతుక్కుని ఇంకోటి ఉంటుంది, ఆకు మాత్రం పలచన. కాడ తుంచి చూడు. తెల్లటి పాలు వస్తే అది నానబాలు జాతి, కూరకి పనికిరాదు. పావిలికి పాలు రావు. తోటకూర మొక్కల్లో ముళ్ళ తోటకూర దొంగలా కలిసిపోతుంది, ఆకు మొదట్లో తడిమితే ముల్లు తగులుతుంది. కొళాయి కారే చోట పొన్నగంటి వస్తే దాని జోలికి వెళ్ళకు.

వయ్యారిభామని మాత్రం ఒట్టి చేత్తో ముట్టుకోకు. చామంతి ఆకులా చీలికలు, ముత్యాల్లాంటి తెల్ల పూలు. మాచిపత్రి అనుకుని వినాయకుడికి పెట్టేసేవాళ్ళని కూడా చూశాను. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడి ఆయాసం ఉన్నవాళ్ళకి పడదు. నీకు ఆరేళ్ళప్పుడు పిల్లికూతలొచ్చి రాత్రంతా నా భుజం మీద కూర్చునే నిద్రపోయావు. నువ్వు మర్చిపోయుంటావు, నేను మర్చిపోలేదు. గ్లవుజులు, మాస్కు పెట్టుకునే పీకు.

ఇక తుంగ. ఈ ఉత్తరం మొదలుపెట్టిందే దానికోసం.

1991లో కొరిటెపాడులో ఇల్లు కట్టుకుని, పెరడు ఎత్తు చేయడానికి రెండు ట్రక్కుల చెరువు మట్టి తోలించాం. ఫాల్గుణం వచ్చేసరికి పెరడంతా నారుమడిలా పచ్చగా లేచింది. నేను గరిక అనుకున్నాను. రైతు కూతుర్ని, నాకొకరు చెప్పేదేమిటని పొగరు. మీ మామయ్య ఊళ్ళో లేని రోజు చూసి, ఇద్దరు మనుషుల్ని పెట్టి సాయంత్రానికల్లా పెరడంతా తిరగేయించి, మట్టిగడ్డలు చితగ్గొట్టించాను. వచ్చి చూసి మెచ్చుకుంటారనుకున్నా. పదిహేను రోజులకి ఒకటి ఉన్నచోట పది లేచాయి. ఆయన ఒక్క మాట అనలేదు. ఒక కాడ తెంపి నా వేళ్ళ మధ్య పెట్టి, "దొర్లించు" అన్నారు. గరికైతే దొర్లుతుంది. ఇది దొర్లలేదు, మూడు అంచులు వేలికి తగిలాయి.

అప్పుడు కలుపు తీసే తొలికతో మెల్లగా తవ్వి చూపించారు. కింద నల్లటి గడ్డలు, దారానికి గుచ్చిన పూసల్లా ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి. గొలుసు తెగనంతకాలం వాటిలో చాలావరకు నిద్రలోనే ఉంటాయి. తెంపితే ప్రతి ముక్కా ఎవరికి వారే మొలుస్తారు. నేను పారతో చేసింది అదే, వేరు కాపురాలు పెట్టించడం.

రెండేళ్ళు పట్టింది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే లుంగీ కట్టుకుని జానెడు జానెడు చొప్పున తవ్వేవారు. మట్టిని ఇసుక జల్లెడలో పట్టి, దొరికిన గడ్డల్ని డాబా మీద రోహిణి కార్తె ఎండలో పరిచేవారు. బాగా ఎండితే మళ్ళీ మొలవవు. జల్లెడకి దొరకనివి మొలకెత్తితే మూడో ఆకు రాకుండా నేను గిల్లేసేదాన్ని. ఎండిన గడ్డలు మంచి వాసన. మా అత్తగారు అవన్నీ దంచి సున్నిపిండిలో కలిపేది. ఆ ఏడే నువ్వు పుట్టావు. పురిటికి మీ అమ్మకి పంపిన డబ్బాలో ఉన్నది నా తెలివితక్కువ పంటే, దాంతోనే నీకు ఒళ్ళు రుద్దారు.

ఆ కూలీకి రావద్దని ఇవాళే ఫోన్ చెయ్యి. ఆదివారం తొలి బస్సుకి బయల్దేరతాను. జల్లెడ, మీ మామయ్య తొలిక తెస్తున్నాను, పిడి వదులైతే నిన్ననే బిగించుకున్నాను. నీ పెరట్లో ఉన్నది తుంగో గరికో ఈలోపు ఒక కాడ తెంపి దొర్లించి, నాకు చెప్పు. అమ్మాయికి, పాపకి నా దీవెనలు.

మీ అత్త