నడుం బిగిస్తే ఖర్చు తగ్గుతుందా?

సందేహం: 1991 ఆర్థిక సంక్షోభంలో ప్రభుత్వ పొదుపు చర్యలను సమర్థిస్తూ వ్యాసం రాయమన్నాను. ఒక అమ్మాయి ‘దేశం దివాలా అంచుకు చేరింది కాబట్టి ప్రభుత్వం, ప్రజలు నడుం బిగించక తప్పలేదు’ అని రాసింది. ఇంగ్లీషులో ఖర్చు తగ్గించుకోవడాన్ని బెల్టు బిగించడం అంటారు కదా అంటోంది. ఈ వాడుక సరైనదేనా?
– ఒక అధ్యాపకురాలు, గుంటూరు

సమాధానం: వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. ఆ అమ్మాయి అనుకున్న అర్థం మాత్రం రాదు. మీ ఊరి మిర్చి యార్డుకు ఒకసారి తీసుకెళ్లండి. హమాలీ తువ్వాలు నడుముకు గట్టిగా చుట్టుకుని టిక్కీ (మిర్చి బస్తా) ఎత్తుతాడు. నడుం బిగించడం అంటే అదీ, పనికి దిగడం. ఇంగ్లీషువాడి బెల్టు సంగతి వేరు. తిండి తగ్గి పొట్ట లోపలికి పోతే ప్యాంటు జారకుండా ఇంకో బెజ్జం దాకా లాగుతాడు. పంచె కట్టేవాడికి ఆ బెజ్జాల గొడవే లేదు.

మనకు నోరు కట్టుకోవడం, కడుపు కట్టుకోవడం ఉన్నాయి. ‘కడుపు కట్టుకుని పిల్లల్ని చదివించింది’ అంటే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఈ ‘కట్టుకొను’లో ‘కొను’ చాలా ముఖ్యం. ఎవరి కడుపు వాళ్లు కట్టుకోవాలి. ఎదుటివాడి జోలికి వెళ్తే అది కడుపు కొట్టడం. సంక్షోభంలో సర్కారు ఖర్చు తగ్గిస్తే సమర్థించేవాళ్లు మొదటి మాట అంటారు, ఎదిరించేవాళ్లు రెండోది.

1991 విషయంలో నేను సమర్థించేవాళ్ల వైపే. రెండు మూడు వారాల దిగుమతులకు మించి డాలర్లు లేవు. దాదాపు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర కుదువపెట్టాం. పుస్తెలు కుదువపెట్టిన ఇంట్లో పండక్కి పట్టుచీర కొంటే అప్పిచ్చేవాడు మళ్లీ గుమ్మం తొక్కనిస్తాడా? పీవీ ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. జూలై 24 బడ్జెట్లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. పెద్ద గొడవే అయింది. ఆగస్టులో పెంపును 30 శాతానికి దించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. ఆ సవరణ లేకపోతే ‘కడుపు కట్టుకోవడం’ అనడానికి నాకూ నోరు వచ్చేది కాదు.

‘పొదుపు చర్యలు’ గురించి కూడా ఒక మాట. పొదుపు అంటే ఎంతో కొంత మిగలాలి, డ్వాక్రా అక్కల పుస్తకంలో పడాలి. అప్పుల్లో ఉన్న సర్కారుకు మిగిలేదేముంది, లోటు తగ్గడం తప్ప? అయినా పత్రికల్లో పాతుకుపోయింది, ఉండనివ్వండి. ఆఫీసు కార్లు, విమాన ప్రయాణాలు తగ్గిస్తే పొదుపు అనొచ్చు. రాయితీ తగ్గిస్తే అది కోత. ‘ఎరువుల రాయితీలో పొదుపు చేశాం’ అని రైతు ముందు అనగలరా? (దుబారాకు ఉర్దూలో ‘రెండోసారి’ అని అర్థం. మన దగ్గర వృథా ఖర్చయి కూర్చుంది.)

ఇక ఆ వాక్యం. ప్రభుత్వానికి కడుపు ఉండదు కాబట్టి రెండుగా విడదీయమనండి: ‘ప్రభుత్వం ఖర్చు తగ్గించుకుంది, ప్రజలు కడుపు కట్టుకున్నారు.’ నడుం మీద మరీ మోజుంటే ‘ప్రభుత్వం సంస్కరణలకు నడుం బిగించింది’ అని ఇంకో వాక్యం రాసుకోమనండి.