తలంటి తీసుకెళ్తే శాతం తగ్గింది

"మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి సదరం క్యాంపులో, అంటే వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే చోట, వైకల్యం శాతం ఎలా వేస్తారు? పైకి మామూలుగా కనిపించే మనిషికి రోజువారీ జీవితం ఎంత దెబ్బతిందో అసలు కొలవగలరా?" అని ఒకరు అడిగారు. కొలవగలరు. కాకపోతే ఎవరిని కొలుస్తున్నారో మనం చూసుకోవాలి. మేం మా అన్నయ్యని తీసుకెళ్తే వాళ్ళు మా అమ్మని కొలిచి పంపించారు.

అన్నయ్యకి స్కిజోఫ్రీనియా. ఐటీఐలో ఫిట్టర్ చదివి రెండేళ్ళు ఫ్యాక్టరీలో చేశాడు. మేం మొదటిసారి సదరానికి వెళ్ళేనాటికి జబ్బు బయటపడి ఏడేళ్ళు. మందులతో చెవిలో మాటలు ఆగిపోయాయి. ఎవరో చంపడానికి వస్తున్నారని అర్ధరాత్రి తలుపులకి అడ్డంగా బల్లలు జరపడం కూడా పోయింది. దాంతో చుట్టాలందరూ "తగ్గిపోయిందిగా ఇంక" అన్నారు. తగ్గింది వాళ్ళకి భయం వేసే భాగం. పొద్దున లేవబుద్ధి కాకపోవడం, పళ్ళు తోముకోబుద్ధి కాకపోవడం, ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పబుద్ధి కాకపోవడం అలాగే ఉన్నాయి. వీటి మీద మందుల ప్రభావం తక్కువ. మా వీధిలో వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు, బద్ధకం. మా పెద్దత్త దగ్గర బద్ధకానికి మందు కూడా ఉంది, పెళ్ళి. ఆ పిల్ల ఎవరో గానీ బతికిపోయింది.

సరే, క్యాంపు సంగతి. స్లాట్ కోసం మీసేవ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో చెప్తే అదో పెద్ద కథ. స్లాట్లు వదిలారని మనకి తెలిసేలోపే అయిపోతాయి. దొరికాక, ముందురోజు సాయంత్రం అమ్మ మంగలిని ఇంటికే పిలిపించి అన్నయ్యకి గడ్డం చేయించింది. తెల్లవారుజామున లేపి తలంటింది. నా పెళ్ళికి కుట్టించిన నీలం చొక్కా ఇస్త్రీ చేయించింది. "డాక్టర్ల ముందుకి మనిషిని ఎట్టా పడితే అట్టా తీసుకెళ్తామా?" అంది. నాకూ నిజమేననిపించింది.

మూడు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. లోపల నాలుగైదు నిమిషాలు.

"నీ పనులు నువ్వే చేసుకుంటావా?" అని అడిగారు డాక్టరు గారు. అన్నయ్య తలూపాడు. "స్నానం, తిండి అన్నీ?" అమ్మ అందుకుంది, "అన్నీ చేసుకుంటాడండి, పాపం ఏ గొడవా లేదు." "పనేమైనా చేస్తాడా?" "వాళ్ళ బాబాయి కిరాణా కొట్లో కూర్చుంటాడండి."

కొట్లో కూర్చుంటాడు అన్నది అక్షరాలా నిజం. బాబాయి బియ్యం బస్తాల పక్కన ఒక స్టూలు వేశాడు, దాని మీద కూర్చుంటాడు. గిరాకీ వస్తే కదలడు. ఆ విషయం నేను చెప్పబోయేసరికి అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కొడుకు పనికిమాలినవాడని వాడి ముందే, పరాయివాళ్ళకి చెప్పాలా అని ఆమె బాధ.

వచ్చింది 40 శాతం లోపు. అంటే పింఛను లేదు, ఏమీ లేదు.

ఇంటికొచ్చాక ఆ లెక్క ఏమిటో కూర్చుని చదివాను. ఐడియాస్ అంటారు దాన్ని. మన దేశపు సైకియాట్రిస్టుల సంఘం తయారు చేసింది, కేంద్రం 2002లో గెజిట్‌లో పెట్టింది, 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక 2018 మార్గదర్శకాల్లోనూ అదే ఉంచారు. చూసేవి నాలుగే. తన ఒంటిని తాను చూసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడటం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4. దానికి జబ్బు ఎన్నేళ్ళుగా ఉందో చూసి ఇంకో 1 నుంచి 4 కలుపుతారు. మొత్తం 20. ఆరు దాకా వస్తే 40 శాతం లోపు, ఏడు నుంచి పదమూడు అయితే 40 నుంచి 70, పద్నాలుగు, ఆపైన అయితే 71 పైన, ఇరవైకి ఇరవై వస్తే నూరు శాతం. అన్నయ్యకి ఏడేళ్ళ జబ్బుకి మూడు. మిగతా నాలుగింటికీ కలిపి మూడు వచ్చి ఉంటాయి. ఒక్క మార్కులో పోయింది. అది ఆ నీలం చొక్కా మార్కే అని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను.

స్కేలు చెడ్డది కాదు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి ఉద్యోగం బదులు ఇంటిపనినే లెక్కలోకి తీసుకుంటుంది, విద్యార్థికి చదువుని. అది ఆలోచించి పెట్టినందుకు దణ్ణం పెట్టొచ్చు. నా గొడవ అడిగే తీరుతో. "చేసుకుంటాడా?" అంటే ఎవరింట్లోనైనా చేసుకుంటాడనే చెప్తారు. "ఎవరూ చెప్పకపోతే చేసుకుంటాడా?" అని అడగాలి. ఎన్నిసార్లు చెప్పాలి, చెప్పేవాళ్ళు లేని రోజున ఏమవుతుంది, ఇవి తెలిస్తే చాలు, నన్నడిగితే మిగతా ప్రశ్నలే అక్కర్లేదు.

నాకు ఇది తెలిసింది అమ్మ కంటి ఆపరేషన్ అప్పుడు. ఎనిమిది రోజులు మా ఇంట్లో ఉంచుకున్నాను. అన్నయ్యకి పక్కింటావిడ రెండు పూటలా క్యారేజీ ఇచ్చేటట్టు మాట్లాడాం. రోజూ ఫోన్ చేస్తే "బానే ఉన్నా" అనేవాడు. తొమ్మిదో రోజు అమ్మని దింపడానికి వెళ్తే గేటుకి వేలాడే సంచిలో ఐదు పాల ప్యాకెట్లు, ఉబ్బిపోయి ఉన్నాయి. సంచి నిండాక పాలవాడే వెయ్యడం మానేశాడట. అన్నయ్య మేం వెళ్ళినప్పుడు కట్టుకున్న లుంగీలోనే ఉన్నాడు. మందులు మూడు రోజులవి వేసుకున్నాడు, ఐదు రోజులవి అలాగే ఉన్నాయి. క్యారేజీలు మాత్రం ఖాళీ, ఎందుకంటే పక్కింటావిడ ఎదురుగా నిలబడి తినిపించి వెళ్ళేది. వాడు ఎవరినీ ఏమీ అనలేదు, ఏమీ పగలగొట్టలేదు. ఊరికే ఆగిపోయాడు, కీ ఇవ్వని గడియారంలా. ఏడేళ్ళుగా రోజూ ఆ కీ ఇస్తున్నది అమ్మ. సదరం డాక్టరు గారికి కనిపించింది గడియారం సరైన టైం చూపిస్తున్న సంగతి ఒక్కటే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళది హూడాస్ అని ఇంకో స్కేలు ఉంది. 36 ప్రశ్నలు, 12 ప్రశ్నల పొట్టిదీ ఉంది. గడిచిన 30 రోజుల్లో ఫలానా పనికి ఎంత ఇబ్బంది పడ్డారు అని అడుగుతుంది. మా అన్నయ్యని అడిగితే ఇబ్బందేం లేదంటాడు. నిజమే, స్నానం చెయ్యనివాడికి స్నానంలో ఇబ్బందేముంటుంది? ఇంట్లోవాళ్ళు జవాబులు చెప్పే రకం కూడా అందులో ఉంది, అది కాస్త నయం. జీఏఎఫ్ అని మనిషి మొత్తానికి కలిపి నూటికి ఒక్క మార్కు వేసేది కూడా ఉండేది. అమెరికా సైకియాట్రిస్టులే 2013లో మానసిక జబ్బుల మీద తాము వేసే పుస్తకంలోంచి తీసేశారు, మంచి పని చేశారు.

ఇదంతా మగపిల్లాడి కథ. మా తోడికోడలికి డిప్రెషన్ వచ్చినప్పుడు ఏ స్కేలూ పనికిరాలేదు, ఎందుకంటే ఆవిడ పొద్దున్నే లేచి ఇడ్లీలు పెట్టడం ఒక్కరోజు కూడా మానలేదు. మానే వీలు ఎవరిచ్చారు? మా అన్నయ్య ఆగిపోతే ఇంట్లోవాళ్ళు తోస్తారు, ఆవిడ ఆగిపోతే ఇంట్లోవాళ్ళు అరుస్తారు. పని జరిగిందా లేదా అని మాత్రమే చూసే కొలతకి ఇలాంటివాళ్ళు ఎప్పటికీ దొరకరు. అది వేరే ప్రశ్న, ఎవరైనా అడిగితే అప్పుడు రాస్తాను.

మళ్ళీ సదరానికి వెళ్ళేముందు నేను ఒక నోటుబుక్కు పెట్టాను. పుట్టింట్లో నెలరోజులు ఉండి అమ్మ ఏ పనికి ఎన్నిసార్లు చెప్పిందో రాశాను. "స్నానం: తొమ్మిదిసార్లు, 11:40కి వెళ్ళాడు, సబ్బు రాసుకోలేదు." "పెరుగు ప్యాకెట్ తెమ్మని పంపితే గంటన్నరకి వట్టి చేతులతో వచ్చాడు, డబ్బులు జేబులోనే ఉన్నాయి." ఇలాంటివే పేజీలు పేజీలు. ఈసారి ఒక చిన్నవయసు డాక్టరమ్మ. పుస్తకం తిరగేసి, పక్కన పెట్టి అన్నయ్యనే అడిగింది.

"స్నానం ఎప్పుడు చేస్తారు?"

"అమ్మ చెప్పినప్పుడు."

"అమ్మ ఎన్నిసార్లు చెప్తారు?"

అన్నయ్య చాలాసేపు ఆలోచించాడు. "చెప్తానే ఉంటది" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. ఏదో రాసుకుంది. ఈసారి 40 దాటింది, పింఛను వస్తోంది. మా ఆంధ్రాలో ఇప్పుడు నెలకి 6,000 రూపాయలు. అమ్మ మాత్రం బస్సులో తిరిగొచ్చేటప్పుడు "ఆ పిల్ల మరీ ఎక్కువ వేసిందేమో" అని రెండుసార్లు అంది.

మీ ఇంట్లో ఎవరికో నాకు తెలియదు గానీ, వెళ్ళేముందు ఒక నెల రాసిపెట్టుకోండి. పాత చీటీలన్నీ తీసుకెళ్ళండి, మొదటి చీటీ మీద తేదీ ముఖ్యం, ఎన్నేళ్ళ జబ్బో తేలేది దానితోనే. మురికి బట్టలతో తీసుకెళ్ళి నాటకం ఆడమని చెప్పట్లేదు. ఆ సలహా మొదటిసారి క్యాంపులో బెంచీ మీద ఒకాయన ఇచ్చాడు. రెండోసారి వెళ్ళే ముందు భయంభయంగా అమ్మకి చెప్పి చూశాను కూడా. ఆమె విననట్టే ఊరుకుంది. మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే పొయ్యి మీద వేన్నీళ్ళు కాగుతున్నాయి, నీలం చొక్కా కుర్చీకి తగిలించి ఉంది, ఇస్త్రీ చేసి.