టేపు వెంట కంప్యూటర్‌ను నడిపించే పద్ధతి

చిరంజీవికి ఆశీస్సులు.

ఎనిమిది ట్రాకుల టేపు మెషీన్ కొన్నావనీ, డ్రమ్స్, గిటార్ దాని మీద రికార్డు చేసి, కీబోర్డు భాగాలు కంప్యూటర్‌లోనే ఉంచి, రెండింటినీ కలిపి నడపాలనుకుంటున్నావనీ రాశావు. ఈ పనిలో ముందుగా తేల్చుకోవలసింది ఏది ముందు నడవాలన్నదే. టేపు మోటారును కంప్యూటర్ అడుగుజాడల్లో తిప్పడం కష్టం; కంప్యూటర్ మాత్రం టేపు ఎక్కడుందో తెలిస్తే చాలు, అక్కడికి వచ్చి కలుస్తుంది. అందుకని టేపునే ముందుంచు.

ఎనిమిదో ట్రాకును టైమ్ కోడ్‌కు, అంటే టేపు ఎక్కడుందో గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేముల్లో (సెకనులో చిన్న భాగాలు) చెప్పే శబ్ద సంకేతానికి, వదిలెయ్యి. అంచున ఉన్న ట్రాకుకు పొరుగు ఒకవైపే ఉంటుంది కనుక కోడ్ కూత ఒక్క ఏడో ట్రాకులోకే పాకుతుంది. వీలైతే దాన్నీ ఖాళీగా ఉంచు. కోడ్‌ను మిక్సర్ గుండా పంపకుండా, దాన్ని పుట్టించే జనరేటర్ నుంచి నేరుగా ఎక్కించు, ఆ ట్రాకుకు నాయిస్ రిడక్షన్ (టేపు రొదను తగ్గించే ఏర్పాటు) తప్పనిసరిగా ఆపు. పాట మొదలుకావడానికి కనీసం 20 సెకన్ల ముందు నుంచి కోడ్ ఉండాలి. సున్నా గంటల నుంచి కాకుండా ఒంటిగంట నుంచి మొదలుపెట్టు. లేకపోతే తర్వాత ఎప్పుడైనా కాస్త వెనక్కి పొడిగించవలసి వచ్చినప్పుడు కోడ్ 23 గంటల 59 నిమిషాలని చదివి సాఫ్ట్‌వేర్‌ను గందరగోళంలో పడేస్తుంది.

సంగీతం ఎక్కాక కోడ్‌ను మళ్లీ ఎక్కించకు. సగం పాట అయ్యాక కోడ్ బలహీనంగా ఉందని నేనొకసారి ఆ పని చేశాను. మర్నాటికి కీబోర్డు భాగాలేవీ డ్రమ్స్‌తో కలవలేదు, రెండు రాత్రుల శ్రమ పోయింది.

టేపు మీది కోడ్‌ను, టేపునూ కంప్యూటర్‌నూ జతచేసే సింక్రనైజర్ అనే పరికరం మిడి (సంగీత పరికరాలు, కంప్యూటర్లు సందేశాలు పంపుకొనే పద్ధతి) టైమ్ కోడ్‌గా మార్చి మిడి కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇస్తుంది. ఒక్కో ఫ్రేముకు నాలుగు సందేశాల చొప్పున, పూర్తి సమయం తెలియడానికి ఎనిమిది సందేశాలు, అంటే రెండు ఫ్రేములు పడుతుంది. పట్టు కుదరడానికి ఇంకొంత సమయం కావాలి కనుక ఎప్పుడూ కొన్ని సెకన్లు వెనక్కి తిప్పి ప్లే చెయ్యి. ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) 25 పెట్టుకో, కానీ జనరేటర్‌లో, సింక్రనైజర్‌లో, సాఫ్ట్‌వేర్‌లో ఒకే అంకె ఉండాలి. ఒకచోట 30, మరోచోట 29.97 ఉంటే తేడా వెయ్యింట ఒక వంతే అయినా, నాలుగు నిమిషాల పాట చివరికి దాదాపు పావు సెకను అవుతుంది. మిడి టైమ్ కోడ్‌లో టెంపో (పాట నడక వేగం) ఉండదు కాబట్టి ఫ్రేమ్ రేట్, పాట మొదలయ్యే సమయం, టెంపో మూడూ టేపు డబ్బా మీద రాసిపెట్టుకో.

చాలామంది బోల్తాపడేది ఇకపై చెప్పే చోటనే. ఆ కోడ్ చెప్పేది టేపు ఎక్కడుందన్నదే. కీబోర్డుకు వెళ్లే మిడి స్వరాలు దాన్ని అనుసరిస్తాయి గానీ, కంప్యూటర్‌లో రికార్డయిన గొంతు ఆడియో ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌లోకి, బయటికి శబ్దాన్ని చేరవేసే పరికరం) సొంత గడియారం ప్రకారం సాగుతుంది. టేపు వేగం కాస్త మారినా రెండూ మెల్లగా విడిపోతాయి. అందుకే టేపు కోడ్‌ను అనుసరించి వర్డ్ క్లాక్ (డిజిటల్ శబ్దం నడిచే వేగాన్ని నిర్ణయించే గడియార సంకేతం) కూడా ఇచ్చే సింక్రనైజర్‌నే తీసుకుని, ఇంటర్‌ఫేస్‌ను దానికి కట్టు. పరీక్ష సులువే: టేపు మీద ఐదు నిమిషాల క్లిక్ రికార్డు చేసి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, టేపును మళ్లీ మొదటి నుంచి నడిపి రెండింటినీ కలిపి విను. చివరి నిమిషంలో ఒక్కో క్లిక్ రెండు దెబ్బలుగా వినిపిస్తే గాయకుణ్ణి అప్పుడే పిలవకు, ముందు క్లాక్ కేబుల్ చూడు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న