రెండు పెగ్గులు తాగి, గంట ఆగితే కారు నడపొచ్చా?

రెండు పెగ్గులే తాగి, కడుపు నిండా తిని, గంట ఆగి నిదానంగా నడుపుకుంటూ ఇంటికి వెళ్తే ఏమవుతుందని అడిగారు. వద్దండీ. నీతులు చెప్పడానికి కాదు, సరిగ్గా ఇదే లెక్క వేసుకుని నేనూ చాలా ఏళ్లు నడిపాను.

'తాగితే నేను ఇంకా జాగ్రత్తగా నడుపుతా' అనేవాణ్ణి. ఒక రాత్రి స్నేహితుడి ఇంటి నుంచి అలాగే వచ్చాను, స్పీడు నలభై దాటనివ్వకుండా. పొద్దున చూస్తే కారుకి ఎడమవైపు అద్దం లేదు. డోరు పొడుగునా గీత, అందులో పసుపు పెయింటు. దేనికి రాసుకుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అద్దం విరిగిన చప్పుడు కూడా విన్నట్టు లేదు. మనిషికి గానీ తగిలిందేమో అని చేతులు వణికాయి. రాత్రి వచ్చిన దారంతా నడుచుకుంటూ వెతికాను. ఒక మలుపులో పసుపు రంగు స్తంభం కింద నా అద్దం పెంకులు కనబడ్డాకగానీ ఊపిరి ఆడలేదు.

మందు అన్నిటికంటే ముందు పట్టుకునేది మన అంచనాని. తూలడం, మాట తడబడటం ఆ తర్వాతి సంగతి. అందుకే 'నేను బాగానే ఉన్నాను' అన్న మాటకి అప్పుడు విలువ లేదు, ఆ మాట చెప్పేదీ తాగిన బుర్రే కదా. అరవై స్పీడులో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీదికి కాలు అర సెకను ఆలస్యంగా వెళ్తే ఎనిమిది మీటర్లు అదనం.

ఇక గంట ఆగడం గురించి. తిని తాగితే ఆల్కహాల్ రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది, అంతేగానీ ఎక్కకుండా పోదు. అంటే మీరు గంట ఆగి తాళం తిప్పే సమయానికి అది ఇంకా పైకి వెళ్తూ ఉండొచ్చు! 30 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. శరీరం గంటకి వదిలించుకోగలిగేది మనిషిని బట్టి 7 నుంచి 10 గ్రాములు. ఇదంతా చాలావరకు లివర్ పని, దాన్ని తొందరపెట్టడం కుదరదు. కాఫీ, చన్నీళ్ల స్నానం, మజ్జిగ అన్నీ ప్రయత్నించాను. నిద్రమత్తు పోతుందేమోగానీ మందు దిగదు.

నాకు ఆలస్యంగా తెలిసింది మర్నాటి సంగతి. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి అయిదు లార్జ్‌లు (ఒక్కోటి 60 మిల్లీలీటర్లు) తాగితే 100 గ్రాములు. పడుకుని లేచి ఏడింటికి ఆఫీసుకి బయల్దేరినా ఒంట్లో ఇంకా మిగిలి ఉండొచ్చు. తలనొప్పి లేదు కదా అని నడిపిన పొద్దుటిపూటలు నాకు ఎన్నో.

ఇప్పుడు తాగే పని ఉంటే కారు తాళాలు ఇంట్లోనే పెట్టి, క్యాబ్‌లో వెళ్తాను. అవి జేబులో ఉంటే రెండో పెగ్గు దాటాక ఎంత బాగా వాదిస్తానో నాకు తెలుసు.