అడ్వాన్స్ ముట్టుకునే ముందు అగ్రిమెంట్‌లో ఇవి చూడండి

బ్రాడీపేట నుంచి అడిగిన మిత్రమా, మీ సమస్య: హైదరాబాద్‌లో సినిమా నిర్మాణ సంస్థ వాళ్లకి కథ నోటితో చెప్పొచ్చారు, ఇప్పుడు వాళ్లు బౌండ్ స్క్రిప్ట్ (సీన్లూ డైలాగులతో పూర్తి స్క్రిప్ట్) అడుగుతున్నారు, అగ్రిమెంట్ వాట్సాప్‌లో పంపారు.

ముందు స్క్రిప్ట్ పంపకండి. కాపీరైట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో సాహిత్య రచన కింద ఫారం 14 నింపండి, ఫీజు 500 రూపాయలు. సినిమా కింద వేస్తే 5,000 అవుతుంది, అది మీకు అక్కర్లేదు. డైరీ నంబర్ (మీ దరఖాస్తుకి ఇచ్చే నంబర్) వచ్చాక అభ్యంతరాలకు 30 రోజులు ఆగుతారు. మీ పేరుకే మీరు రిజిస్టర్ పోస్టు చేసుకుని కవరు విప్పకుండా దాచుకోవడం బలహీనమైన సాక్ష్యం, దాన్నే నమ్ముకోకండి.

రిజిస్టర్ చేసేది 2 పేజీల లైన్ (క్లుప్తంగా రాసిన కథ) కాదు, సీన్లూ డైలాగులతో పూర్తి స్క్రిప్ట్. ఐడియాకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. నోటితో చెప్పిన కథ చేజారేది ఇక్కడే. ఆ రోజు చెప్పిన కథ సారాంశం తేదీతో సహా వాళ్లకి ఈరోజే మెయిల్ చేయండి.

ఇక అగ్రిమెంట్. హక్కులు ఎన్నాళ్లకి రాసిస్తున్నారో గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్లుగా లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ఏడాదిలోపు హక్కు వాడకపోతే అది మీకు తిరిగొస్తుంది, కానీ "వేరేగా ఒప్పుకుంటే తప్ప" అని చట్టంలోనే ఉంది. ఆ వేరే ఒప్పందాన్ని ఏ మూలో చిన్న అక్షరాల్లో ఇరికిస్తారు, వెతికి కొట్టేయించండి. థియేటర్ బయటి వాడకంపై రాయల్టీలో మీ సగాన్ని నిర్మాతకు రాసిచ్చినా, చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత ఆ రాత చెల్లదు. టైటిల్ కార్డులో పేరు ఎలా పడాలో మాత్రం అక్షరం అక్షరం రాయించుకోండి.