వ్యత్యాసం తగ్గకుండా అసమానత తగ్గుతుందా?

సందేహం: ‘ఆదాయ వ్యత్యాసం తగ్గలేదు కాని అసమానత తగ్గింది’ అన్న వాక్యం చదివాను. రెండు మాటలూ ఒకటే కదా, ఇది తప్పు కాదా? రెండింటికీ బదులు ‘తారతమ్యం’ అంటే సరిపోదా?

సమాధానం: వాక్యం తప్పు కాదు. ఆ రెండింటినీ పర్యాయపదాలుగా వాడేసే మన అలవాటే తికమక పెడుతోంది.

వ్యత్యాసానికి సంస్కృతంలో తారుమారు అని అర్థం. తెలుగులో తేడాగా స్థిరపడింది. లెక్కల్లోనైతే తీసివేయగా వచ్చేది. ఇద్దరి రాబడులు 10, 20 అనుకోండి. చెరో 10 కలిపితే 20, 30. వ్యత్యాసం అప్పుడూ ఇప్పుడూ 10. కాని రెండింతలుగా ఉన్న పెద్ద రాబడి ఇప్పుడు ఒకటిన్నర రెట్లే. ఇటలీ గణాంకవేత్త కొరాడో జీనీ 1912లో ప్రతిపాదించిన అసమానత గుణకం (అందరి రాబడీ ఒకటే అయితే సున్నా, అసమానత పెరిగేకొద్దీ ఒకటి వైపు) ఇక్కడ ఆరింట ఒకటి నుంచి పదింట ఒకటికి దిగుతుంది. మీరు చదివిన వాక్యంలోని ‘అసమానత’ ఇలాంటి కొలతదే అయివుండాలి.

మొదటి రాబడులనే రెట్టింపు చేసి చూడండి: 20, 40. జీనీ గుణకం కదలదు, వ్యత్యాసం మాత్రం 20 అవుతుంది. మరి అసమానత పెరిగినట్టా, లేనట్టా? అంకగణితం ఈ తగవు తీర్చలేదు. ఫ్రెంచి ఆర్థికవేత్త సెర్జ్ క్రిస్టోఫ్ కోల్మ్ 1976లో నిష్పత్తిని చూసే కొలతలను కుడిపక్షానివనీ, తేడాను చూసేవాటిని ఎడమపక్షానివనీ అన్నారు!

‘అసమానత’లోని ‘అ’ నిషేధార్థకం. సమానత ఉండవలసిందన్న తలంపు ఉంటేనే దానికి పని. అన్నదమ్ముల ఎత్తుల్లో తేడా అంటాం గాని, అసమానత అనం. మాటలోనే ఫిర్యాదు ఉంది. కొలతలోనూ ఉందని బ్రిటిష్ ఆర్థికవేత్త హ్యూ డాల్టన్ 1920లోనే గుర్తించారు: ఆదాయ అసమానతను కొలవడమంటే దానివల్ల సంక్షేమానికి కలిగే నష్టాన్ని కొలవడమే. 1970లో మరో బ్రిటిష్ ఆర్థికవేత్త ఆంథొనీ అట్కిన్సన్, అసమానతను ఎంత చెడ్డగా చూడాలన్న తీర్పును తన సూచికలోనే ఒక అంకెగా బయటపెట్టారు. అంకె పెంచినకొద్దీ అట్టడుగువారి రాబడికి ప్రాధాన్యం పెరుగుతుంది. అంకె ఎంతన్నది కొలిచేవారి ఇష్టం. వైయాకరణులు ‘ఇక్కడ వికల్పం’ (ఏ రూపమైనా చెల్లుతుంది) అని ఒప్పుకున్నట్టే ఉంటుంది నాకిది.

తారతమ్యం ‘తర’, ‘తమ’ ప్రత్యయాల నుంచి వచ్చింది: ప్రియతర, ప్రియతమ. మెట్ల వరుసను చూపుతుందే తప్ప మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తెంతో చెప్పదు. రాబడి లెక్కలకు చాలదు.

నన్ను దిద్దమంటే ఆ వాక్యాన్ని ఇలా మారుస్తాను: ‘ఆదాయాల మధ్య తేడా అంతే ఉంది, జీనీ గుణకం ప్రకారం అసమానత తగ్గింది.’